నా విలువ ఏమిటో వాక్యం చెబుతోంది, నా మనసు ఎందుకు వినడం లేదు?

అడిగినవారు: నగరి అబ్బాయి

అందరికీ ప్రభువు నామమున వందనాలు.

నా వయసు 27 సంవత్సరాలు. మాది నగరి దగ్గర ఒక పల్లె. అమ్మ మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టే పనికి వెళ్తుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. డిగ్రీ అయినప్పటి నుంచి తిరుపతి బైరాగిపట్టెడలో మరో ఇద్దరితో కలిసి ఒక గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాను. నాలుగేళ్లు గడిచాయి. రెండుసార్లు ప్రిలిమ్స్ దాటి మెయిన్స్‌లో ఆగిపోయాను; ఒకసారి బ్యాంకు పరీక్షలో ఒకటిన్నర మార్కు తేడాతో జాబితా బయట నిలిచాను. నాతో గదిలో చేరిన మొదటి ఇద్దరూ ఉద్యోగాలు వచ్చి వెళ్లిపోయారు. ఇప్పుడున్న ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లు, నన్ను అన్నా అని పిలిచి సందేహాలు అడుగుతారు. నేను చెప్పిన లెక్కతో వాళ్లు ముందుకు పోతున్నారు.

వాక్యం తెలియక అడుగుతున్న ప్రశ్న కాదిది. దేవుడు తన స్వరూపమందు నరుని సృజించాడని ఆదికాండము 1:27 చెబుతున్నదని అయిదేళ్ల వయసులోనే సండే స్కూలులో అప్పజెప్పి బహుమతిగా పెన్సిల్ డబ్బా తెచ్చుకున్నాను. యెషయా 43వ అధ్యాయంలో దేవుడు తన జనాంగాన్ని పేరుపెట్టి పిలిచి, నీవు నా సొత్తు అన్న మాట మా గది గోడ మీద నా చేతి రాతతోనే ఉంది. రాత్రి దానిని చదువుకుని పడుకుంటాను. తెల్లవారి ఫోనులో ఫలితాల వార్త కనబడితే గోడ మీది మాట కేవలం కాగితంగా మిగులుతుంది. ఇంటి యజమానురాలు మంచి మనిషి, మెట్ల మీద ఎదురైతే ప్రేమగానే "ఏమైంది నాయనా పరీక్ష?" అని అడుగుతుంది; ఆ మాటకు జవాబు చెప్పలేక ఆమె గుడికి వెళ్లే వేళ చూసుకుని నేను మెట్లు దిగుతున్నాను.

ఆదివారం ఇంకా కష్టంగా ఉంటుంది. మా సంఘంలో ఆరాధనకు ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఉద్యోగం వచ్చినవారు, వీసా వచ్చినవారు, ఇల్లు కట్టుకున్నవారు లేచి దేవుడు తమను ఘనపరిచాడని చెబుతారు, అందరూ హల్లెలూయా అంటారు. వారి సంతోషం పట్ల నాకు అసూయ లేదని నిజాయితీగా చెప్పగలను. కానీ దేవుడు వారిని ఘనపరిచాడంటే, నన్ను ఏం చేసినట్టు? ఈ మధ్య సాక్ష్యాలు అయిపోయేదాకా బయట చెప్పులు విడిచే చోట నిలబడి, పాట మొదలయ్యాక లోపలికి వెళ్తున్నాను.

ఇంకొక మాట కూడా రాయాలి, ఎందుకంటే ఇది ఎవరితోనూ చెప్పుకోలేదు. మా వైపు చాలా కుటుంబాలలో ఉన్నట్టే నాకూ రెండు పేర్లు. స్కూలు రికార్డులలో ఒకటి, బాప్తిస్మం నాడు అయ్యగారు పెట్టింది ఒకటి. హాల్ టికెట్ మీది పేరుతో ఎవరైనా పిలిస్తే ఓడిపోయినవాడిని పిలిచినట్టుంటుంది; సంఘంలోని పేరుతో పిలిస్తే ఆ పేరుకు తగనివాడిని పిలిచినట్టుంటుంది. ఈ రెండింటిలో నేనెవరిని?

విలువ దేవుని దగ్గర నుంచి వస్తుందని తెలిసినా అది లోపల అనిపించకపోతే నా విశ్వాసమే అబద్ధమని అర్థమా? అనుభవించిన పెద్దలు ఎవరైనా చెప్పండి.

జవాబు 1: చిత్తూరు నర్సమ్మ

నాయనా, నీ ప్రశ్నలోని చివరి వాక్యం చదివి చాలాసేపు కూర్చున్నాను. నేను చిత్తూరులో ఉంటాను, నర్సు ఉద్యోగం నుంచి రిటైర్ అయ్యాను. ఆ ఉద్యోగంలో ఎక్కువ కాలం వేలూరు వైపు ఒక కుష్ఠు వైద్యశాలలో గడిచింది. నీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు బైబిలు పాఠం నుంచి కాక ముందుగా ఆ వార్డు నుంచే వస్తుంది, ఓపికగా చదువు.

కుష్ఠు వస్తే మాంసం కుళ్లి వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని జనం ఎన్నో తరాలు నమ్మారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయనతో పనిచేసినవారు ఆ చేతులను దగ్గరగా పరిశీలించి అసలు సంగతి వేరని చూపించారు. ఆ వ్యాధి నరాలను దెబ్బతీసి స్పర్శను తీసివేస్తుంది. నొప్పి తెలియదు గనుక కాలినా, కోసుకున్నా, పుండు పడినా మనిషి ఆ చేతిని అలాగే వాడుతూ పోతాడు, చెయ్యి పాడవుతుంది. 1948 నుంచి ఆయన అలా వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి, బాగున్న కండరపు స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి దాన్ని, తెచ్చి వేళ్లకు కలిపి, మూసుకుపోయిన పిడికిలి తెరుచుకునేలా చేశాడు. మేము చేరేనాటికి ఇదంతా మాకు మొదటి పాఠం. మందులు అప్పటికే వచ్చాయి, వ్యాధి నయమయ్యేది. పోయిన స్పర్శ మాత్రం చాలామందికి తిరిగి రాలేదు.

ఒక ఉదయం వార్డులో ఒక పెద్దాయన స్టీలు గ్లాసు నిండా అప్పుడే దించిన టీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఎర్రగా కమిలిన చర్మం నాకు ముందు కనబడింది. పరుగెత్తి గ్లాసు లాక్కుంటే ఆయన ఆశ్చర్యపోయి నా ముఖం చూశాడు, చెయ్యి చూసుకోలేదు. అరచేతిలో గ్లాసు అంచు గుండ్రంగా పడింది. కట్టు కడుతుంటే, "ఇది నా చెయ్యి కాదమ్మా, నాకు తగిలించిన కట్టె" అన్నాడు.

అందుకే అక్కడ రోజూ ఉదయం ఒక పని ఉండేది. రోగులందరూ వరుసగా కూర్చుని చేతులు, కాళ్లు నీళ్లలో నానబెట్టి, నూనె రాసుకుని, వేళ్ల సందుల్లోకి కంటితో వెతికేవారు. నొప్పి చెప్పవలసిన సంగతిని కన్ను చెప్పాలి. "నాకేమీ అనిపించడం లేదు, కాబట్టి ఏమీ లేదు" అన్నవాడి చేతికే మర్నాడు చీము పట్టేది. అనిపించకపోయినా రోజూ కూర్చుని చూసుకున్నవారి చేతులు ఏళ్ల తరబడి నిలిచాయి. ఆ పెద్దాయన కూడా నెలల తరబడి నా ముందే కూర్చుని, కట్టె అన్న ఆ చేతినే ఒడిలో పెట్టుకుని, పసిబిడ్డకు రాసినట్టు నూనె రాసుకునేవాడు.

నాయనా, నాలుగేళ్లుగా దెబ్బ మీద దెబ్బ తగిలినచోట నీకు స్పర్శ పోయింది. ఇది విశ్వాసం అబద్ధమైనందువల్ల వచ్చింది కాదు. స్పర్శ పోయిన చెయ్యి కూడా ఆ మనిషి చెయ్యే. యోహాను తన మొదటి పత్రిక 3:20లో మన హృదయం మన మీద దోషారోపణ చేసే సమయాన్ని గురించే రాస్తూ "దేవుడు మన హృదయముకంటె అధికుడై" ఉన్నాడని అన్నాడు. హృదయం ఇచ్చే సాక్ష్యం కంటే పెద్ద సాక్ష్యం ఉన్నదని దాని అర్థం. గోడ మీది వాక్యాన్ని అనిపించడం కోసం చదవవద్దు, చూసుకోవడం కోసం చదువు: నిన్న నాకు ఎక్కడ గాయమైంది, ఎవరి మాట కాల్చింది, దాని మీద దేవుడు ఏమంటున్నాడు అని. అనుభూతి వచ్చిన రోజు సంతోషించు, రాని రోజు కూడా కూర్చుని చూసుకో.

నర్సుగా ఒక ముఖ్యమైన మాట. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం రెండు వారాలకు మించి ఉన్నా, బతకడం దేనికన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ప్రార్థనతో పాటు వైద్యుని దగ్గరకు కూడా వెళ్లాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది; కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుని దగ్గరకు పోవడం విశ్వాసం తక్కువై చేసే పని కాదు. మా వార్డులో ప్రార్థన, మందు ఒకే బల్ల మీద ఉండేవి.

జవాబు 2: విశ్రాంత పాదిరి, తిరుపతి

తమ్ముడూ, ముందుగా నేను నీకు క్షమాపణ చెప్పాలి. నీ సంఘం ఏదో నాకు తెలియదు, అయినా ముప్పై ఏళ్లకు పైగా నేను కూడా అలాంటి సాక్ష్యాల సమయాలే నడిపాను. ఉద్యోగం వచ్చినవారిని లేచి నిలబడమన్నాను. రానివారు ఎక్కడ నిలబడాలో ఒక్కసారీ ఆలోచించలేదు. నీవు చెప్పులు విడిచే చోట నిలబడ్డావన్న మాట నా గుండెలో గుచ్చుకుంది, ఎందుకంటే నా సేవాకాలంలోనూ అక్కడ కొందరు నిలబడి ఉంటారు, నేను లోపలి నుంచి వారిని ఆలస్యంగా వచ్చినవారని అనుకొని ఉంటాను.

యేసు బాప్తిస్మం పొంది నీటిలో నుంచి ఒడ్డుకు వచ్చినప్పుడు ఆకాశం నుంచి వచ్చిన శబ్దం మత్తయి 3:17లో ఉంది: "ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను." ఆ మాట ఎప్పుడు వచ్చిందో గమనించు. అప్పటికి ఆయన ఒక్క రోగిని స్వస్థపరచినట్టు గాని, ఒక్క ప్రసంగం చేసినట్టు గాని సువార్తలో రాయలేదు. నజరేతులో వడ్రంగి పని చేసుకుంటూ గడిపిన ఏళ్లే వెనక ఉన్నాయి. తండ్రి ఆనందం పనికి ముందు వచ్చింది. ఆ వెంటనే నాలుగో అధ్యాయంలో శోధకుడు అడిగిన మొదటి మాట "నీవు దేవుని కుమారుడవైతే" అన్నది. నిరూపించుకో, రాళ్లను రొట్టెలు చేసి చూపించు అని. ఫలితాలు వచ్చిన ఉదయం నీ ఫోను నీతో అంటున్నది కూడా ఆ మాటే.

లూకా 15లో తప్పిపోయిన కుమారుడు ఇంటికి బయలుదేరే ముందు పందుల దగ్గర కూర్చుని చెప్పవలసిన మాటలు సిద్ధం చేసుకున్నాడు. 19వ వచనంలో ఆ మాటల చివర "నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము" అని ఉంది. 21వ వచనంలో తండ్రి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్న తర్వాత అదే మాటలు చెప్పడం మొదలుపెట్టాడు. కుమారుడనని అనిపించుకోవడానికి యోగ్యుడను కానన్నదాకా చెప్పాడు. కూలివాని మాట రాలేదు. దానికి ముందే తండ్రి దాసులను పిలిచి ప్రశస్త వస్త్రం తెమ్మన్నాడు. తండ్రి వినడానికి ఇష్టపడనిది ఆ ఒక్క మాటే అని నాకు అనిపిస్తుంది. పొలంలో ఉన్న పెద్దకొడుకు సంగతి ఇంకా బాధాకరం: ఇంట్లోనే ఉండి, ఇన్ని ఏండ్లనుండి నిన్ను సేవిస్తున్నానే అని లెక్క చెప్పాడు, అంటే అతడు కూడా కొడుకుగా కాక కూలివానిగానే బతికాడు. ఆ ఇంట్లో ఇద్దరూ కూలి అడిగినవారే. తండ్రి దగ్గర కూలి లెక్క లేదు. సంఘంలో పుట్టి పెరిగి, వాక్యం కంఠస్థం చేసి, నాలుగేళ్లు కష్టపడి చదివి, దానికి ప్రతిఫలంగా దేవుని ఆదరణ ఒక ఫలితాల జాబితాలో కనబడాలని ఎదురుచూడడం పెద్దకొడుకు దుఃఖమే. తప్పు పట్టి అనడం లేదు, నేను కూడా ఆ పొలంలోనే చాలాకాలం నిలబడ్డాను.

నీ రెండు పేర్ల గురించి. ఇది నీ ఒక్కడి సంగతి కాదు, తెలుగునాట లక్షల మంది క్రైస్తవుల సంగతి, దాని వెనక ఒక చట్టం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు నేటికీ దాని బయటే ఉన్నారు, మన రాష్ట్రంలో ఆ కులాల నుంచి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలోని బీసీ-సి వర్గంలో ఉంచారు. అందుకే ఆ హోదా పోకుండా కొందరు రికార్డులో పాత పేరునే ఉంచుకుంటారు. అది న్యాయమా అన్న చర్చ కోర్టులలో, కమిషన్లలో దశాబ్దాలుగా సాగుతోంది, సాగవలసిందే. మీ ఇంట్లో ఏ కారణంతో రెండు పేర్లు వచ్చాయో నేను అడగను. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో: ఆ రికార్డు ప్రభుత్వం నిన్ను ఏ వరుసలో నిలబెట్టాలో చెప్పడానికి పెట్టుకున్నది, నీవెవరివో చెప్పడానికి దానికి అధికారం లేదు. యాకోబు గుడ్డివాడైన తండ్రి ఎదుట నేను ఏశావునని అన్న పేరు చెప్పి ఆశీర్వాదం తీసుకున్నాడు, కానీ ఆ తర్వాత ఇరవై ఏళ్లు పరాయి ఊళ్లో భయంతోనే బతికాడు. తిరిగి వస్తూ యబ్బోకు రేవు దగ్గర తనతో రాత్రంతా పెనుగులాడినవాడు "నీ పేరేమి" అని అడిగితే, ఈసారి యాకోబు అని ఉన్నపేరే చెప్పాడు. కొత్త పేరు ఆ తర్వాత వచ్చింది, తొడ కుంటుతో పాటే వచ్చింది. నీవు ఏ పేరుకు తగనివాడినని రాశావో, ఆ మాటనే దేవుని ఎదుట ఉన్నది ఉన్నట్టు చెప్పు. అక్కడ ఎవరూ హాల్ టికెట్ అడగరు.

చివరగా, మీ అమ్మగారు మగ్గాల పని చేస్తారన్నావు గనుక ఒక సంగతి. కీర్తన 139:13లో "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే" అని మన తెలుగు బైబిలులో చదువుతాము. హీబ్రూలో అక్కడ ఉన్న క్రియకు నేయడం, అల్లడం అన్న అర్థం ఉంది. 15వ వచనంలో విచిత్రముగా నిర్మింపబడ్డానన్నచోట ఉన్న మాట, నిర్గమకాండములో గుడారపు తెరల మీద రంగు నూలుతో బుటా పని చేసేవారికి వాడిన మాటకు సంబంధించినది. వేదాంత కళాశాలలో నేను దీన్ని పరీక్ష కోసం నేర్చుకున్నాను. మీ అమ్మగారికి చెప్పి చూడు, ఆమెకు నాకంటే బాగా అర్థమవుతుంది.

జవాబు 3: కూరగాయల అంగడి అక్క

పెద్దలు రాసినంత నేను రాయలేను, తమ్ముడూ. తిరుపతిలో నాకు చిన్న కూరగాయల అంగడి ఉంది. మత్తయి 10వ అధ్యాయంలో రెండు పిచ్చుకలు ఒక కాసుకు అమ్ముతారని యేసుప్రభువు అన్నాడు. లూకా 12లో అయిదు పిచ్చుకలు రెండు కాసులకు అని ఉంది. లెక్క ప్రకారం రెండు కాసులకు నాలుగే రావాలి. అయిదోది ఏమిటో అంగడి నడిపేవారికి వెంటనే తెలుస్తుంది: అది కొసరు. నేను కూడా రోజూ వేస్తాను, రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కరివేపాకు. దానికి ధర కట్టము, తూకం వేయము, ఎవరూ లెక్క రాసుకోరు. "వాటిలో ఒకటైనను దేవునియెదుట మరువబడదు" అని ఆ వచనంలోనే ఉంది. కొసరుగా పోయిన పిచ్చుక పేరుతో సహా ఆయన దగ్గర లెక్క ఉంది.

నా భర్త నన్ను వదిలి వెళ్లిన ఏడాది, మా పుట్టింటివారి దగ్గర, అత్తింటివారి దగ్గర నేను కొసరునే. ఆ వచనం ఆ సంవత్సరమంతా నన్ను లేపి అంగడి తెరిపించింది. ఇంతకంటే నాకు తెలియదు.

అడిగినవారు: నగరి అబ్బాయి

నర్సమ్మగారికి, అయ్యగారికి, అక్కకు వందనాలు. జవాబు రాయడానికి పది రోజులు ఆలస్యమైంది, ఊరికి వెళ్లాను.

నర్సమ్మగారూ, మీరు చెప్పినట్టు రాత్రికి బదులు ఉదయం కూర్చుంటున్నాను. మొదటి మూడు రోజులు ఏమీ కనబడలేదు. నాలుగో రోజు, ఒకటిన్నర మార్కు మీద నాకున్న కోపం పరీక్ష మీద కాదని, దేవుని మీద అని తెలిసింది. అది ఆయనతోనే చెప్పాను. నిద్ర పడుతోంది, తింటున్నాను, మీరు భయపడవలసినంత లేదు. 14416 నంబరు మాత్రం గదిలో ఉన్న ముగ్గురమూ రాసుకున్నాము, ఎందుకంటే చిన్నవాడు ఒకడు ఈ మధ్య సరిగ్గా నిద్రపోవడం లేదని నేను అప్పుడే గమనించాను.

అక్కా, మీ జవాబు మా ఇంటి యజమానురాలికి చదివి వినిపించాను. ఆమె వేరే దేవుని కొలుస్తుంది, అయినా కొసరు అన్న మాట దగ్గర కళ్లు తుడుచుకుంది. పరీక్ష పోయిందని ఆ రోజే చెప్పాను. పోతే పోయిందిలే, లోపలికి రా అని సంగటి పెట్టింది.

అయ్యగారూ, శనివారం సాయంత్రం షెడ్డుకు వెళ్లి అమ్మ పని అయ్యేదాకా పక్కన కూర్చున్నాను. మగ్గాల చప్పుడులో మాట వినపడదు, అందుకని ఆమె చేతులే చూస్తూ ఉన్నాను. దారం లాగి లాగి కుడి చూపుడువేలి మీద సన్నని గీత పడింది, దాని మీద గుడ్డ పీలిక చుట్టుకుంది. దారం తెగితే కండెను ఆపి, వెతికి, కొస పట్టుకుని, రెండు వేళ్లతోనే ముడి వేసి మళ్లీ తిప్పుతుంది. తెగిన కండెను ఒక్కదాన్నీ పారవేయగా నేను చూడలేదు. ఇన్నేళ్లుగా నా ఫీజులన్నీ ఆ వేలి మీద నుంచి వచ్చాయి.

ఇంటికి నడిచి వస్తుంటే మీరు రాసిన కీర్తన సంగతి చెప్పాను. దేవుడు నన్ను నీ కడుపులో నేశాడని అసలు భాషలో ఉందట అన్నాను. ఆమె ఆగింది. రోడ్డు పక్కన నిలబడి చాలాసేపు ఆలోచించి, "మగ్గం మీద నేసేవాడికి కండెలు ఎవరో ఒకరు చుట్టి ఇవ్వాలి గదా నాయనా, దేవునికి ఎవరు చుట్టి ఇచ్చారు?" అని అడిగింది.

నాకు జవాబు తెలియలేదు. అయ్యగారిని అడిగి చెబుతానన్నాను. ఆమె ఎదురుచూస్తోంది, వీలైతే రాయండి.